అడయారు అలమారా: బ్లావట్‌స్కీ వివాదం వెనుక కథ

మద్రాసులో అడయారు నది ఒడ్డున హడిల్‌స్టన్ గార్డెన్స్ అనే తోట బంగళా ఉంది. 1883లో దాని మేడ మీద ఒక గది గోడకు చెక్క అలమారా వేలాడుతుండేది. లోపల ఇద్దరు మహాత్ముల, అంటే బ్లావట్‌స్కీ తన గురువులని చెప్పుకున్నవారి, చిత్రపటాలు. ప్రశ్న రాసిన కాగితం లోపల పెట్టి తలుపు మూస్తే, కాసేపటికి జవాబు కనిపించేది. ఒకసారి జనరల్ మోర్గన్ అనే సైనికాధికారి చూస్తుండగా పింగాణీ పళ్లెం ఒకటి కిందపడి పగిలింది. ముక్కలను అలమారాలో పెట్టి కొంతసేపటికి తెరిచేసరికి పళ్లెం చెక్కుచెదరకుండా ఉంది. ఆ గోడకు అవతల ఉన్నది హెలెనా పెట్రోవ్నా బ్లావట్‌స్కీ పడకగది. నూట నలభై ఏళ్లుగా ఆమె గురించి సాగుతున్న వాదమంతా ఆ గోడ చుట్టూనే తిరుగుతోంది.

ఆమె 1831లో రష్యా సామ్రాజ్యంలోని యెకటెరినోస్లావ్‌లో పుట్టారు. ఇప్పుడది ఉక్రెయిన్‌లోని ద్నిప్రో నగరం. తండ్రి సైనికాధికారి, తల్లి నవలా రచయిత్రి. పదిహేడేళ్లకు తనకంటే వయసులో చాలా పెద్దవాడైన నికిఫోర్ బ్లావట్‌స్కీతో పెళ్లయింది. కొన్ని నెలలకే ఆ ఇంటి నుంచి పారిపోయారు. ఆ తర్వాత దేశదేశాలు తిరిగానని, టిబెట్టులో గురువుల దగ్గర విద్య నేర్చానని చెప్పుకున్నారు. టిబెట్టు విషయంలో ఆమె మాటే తప్ప గట్టి సాక్ష్యం లేదు. 1870ల మొదట్లో కైరోలో ప్రేతాత్మలతో మాట్లాడే సంఘం పెట్టి విఫలమయ్యారు. చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో ఎమ్మా అనే స్త్రీ ఆమెను ఆదుకున్నారు.

1874లో అమెరికాలో కర్నల్ హెన్రీ స్టీల్ ఆల్కాట్ పరిచయమయ్యారు. మరుసటి ఏడాది ఇద్దరూ మరికొందరితో కలిసి న్యూయార్క్‌లో దివ్యజ్ఞాన సమాజాన్ని (థియొసాఫికల్ సొసైటీ) స్థాపించారు. అన్ని మతాల వెనుకా ఒకే ప్రాచీన జ్ఞానం ఉందన్నది దాని నమ్మకం. 1879 ఫిబ్రవరిలో బొంబాయిలో దిగారు.

మన వాళ్లు ఆమెను నెత్తిన పెట్టుకున్నది మహిమలకు మోసపోయి మాత్రమే అంటే నేను ఒప్పుకోను. ఆ కాలపు కాలేజీ కుర్రవాడి పరిస్థితి తలుచుకోండి. తరగతి గదిలో మిషనరీ ఉపాధ్యాయుడు నీ దేవుళ్లు రాళ్లు, నీ శాస్త్రాలు కట్టుకథలు అంటాడు. ఇంటికొస్తే తాతగారు సంధ్యావందనం చేస్తుంటారు. ఆ రెండింటి మధ్య నలిగిపోతున్నవాడి దగ్గరికి తెల్లదొరలే వచ్చి, ఉపనిషత్తుల ముందు మా విజ్ఞానం చిన్నది అన్నారు. 1880లో సింహళానికి వెళ్లి అందరి ముందూ పంచశీల స్వీకరించి బౌద్ధులయ్యారు. పాలకుల జాతివాళ్లు పాలితుల మతం ముందు తల వంచడం అప్పటివాళ్లకు అలమారాలోని ఉత్తరాలకంటే పెద్ద మహిమ.

1882 మేలో ఆ ఇద్దరూ బకింగ్‌హాం కాలువలో పడవ మీద నెల్లూరు వెళ్లారు. అక్కడి నుంచి పెదగంజాం దాకా కాలువలోనే సాగి, తర్వాత పల్లకీల్లో గుంటూరు చేరారు. ఆ డిసెంబరులో సమాజ కేంద్రం అడయారుకు మారింది. వాళ్లను మద్రాసుకు రప్పించినవారిలో ముఖ్యుడు తల్లాప్రగడ సుబ్బారావు. 1856లో కాకినాడలో పుట్టిన ఆయన మద్రాసులో వకీలు, వేదాంతంలో అసాధారణ ప్రజ్ఞావంతుడు. బ్లావట్‌స్కీ ఆయనను తనతో సమానుడిగా చూశారు. ఆయన మాత్రం రహస్యవిద్యను బజారున పెట్టకూడదనే పట్టుదల కలవారు. దివ్యజ్ఞాన సమాజపు కథ చెప్పేవాళ్లు ఆయనను రెండు వాక్యాలతో దాటేయడం నాకు బాధ కలిగిస్తుంది.

కైరోలో ఆదుకున్న ఎమ్మా కూలుంబ్ భర్తతో సహా బ్లావట్‌స్కీ దగ్గరికే చేరి అడయారులో ఇల్లు చక్కబెట్టేవారు. 1884లో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ ఐరోపాలో ఉండగా ఈ దంపతులను సమాజం నుంచి వెళ్లగొట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో మద్రాసు క్రైస్తవ కళాశాల పత్రిక బాంబు పేల్చింది. మహిమలు ఎలా చేయాలో సూచిస్తూ బ్లావట్‌స్కీ తనకు రాశారని ఎమ్మా చూపిన ఉత్తరాలను అచ్చువేసింది. పగిలిన పళ్లెం స్థానంలో అలాంటిదే మరొకటి పెట్టామని ఎమ్మా చెప్పారు. ఉత్తరాలు కల్పితమని బ్లావట్‌స్కీ అన్నారు. ఆమె తిరిగి వచ్చినప్పుడు మద్రాసు విద్యార్థులు వందల సంతకాలతో స్వాగతపత్రం ఇచ్చారు. పరువునష్టం దావా వేస్తానని ఆమె పట్టుబట్టారు. సమాజం నియమించిన సంఘం వద్దంది. ఆ సంఘంలో సుబ్బారావు కూడా ఉన్నారు.

మహిమల వంటి వింతలను పరిశీలించే లండన్‌లోని మానసిక పరిశోధన సంస్థ పంపగా రిచర్డ్ హాడ్జ్‌సన్ డిసెంబరులో మద్రాసు వచ్చి మూడు నెలలు విచారించారు. అప్పటికే అలమారాను కాల్చేశారు. 1885 డిసెంబరులో వచ్చిన నివేదిక ఆమెను చరిత్రలోకెల్లా నేర్పరులైన, ఆసక్తికరమైన మోసగాళ్లలో ఒకరిగా లెక్కగట్టింది. పనిలో పనిగా రష్యా గూఢచారి అనే అనుమానాన్నీ అంటగట్టింది. ఆ నివేదిక పక్షపాతంతో సాగిందని నూరేళ్లకు, 1986లో, అదే సంస్థ పత్రికలో చేతిరాత నిపుణుడు వెర్నన్ హారిసన్ వాదించారు. నా మటుకు గూఢచారి కథ నిలవదు. అలమారా కథ మాత్రం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. దాచడానికి ఏమీ లేకపోతే దాన్ని తగలబెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు.

1885 మార్చి చివర జబ్బుపడిన శరీరంతో ఆమె ఓడెక్కారు. మళ్లీ ఈ దేశం చూడలేదు. ఐరోపా నుంచి తన గ్రంథం ‘ది సీక్రెట్ డాక్ట్రిన్’ రాతప్రతి సుబ్బారావుకు పంపి సరిదిద్దమన్నారు. తప్పులు అన్ని ఉన్నాయి, ముట్టుకుంటే మొత్తం తిరగరాయాలని ఆయన నిరాకరించినట్టు ఆల్కాట్ రాసుకున్నారు. మనిషిలోని తత్త్వాలు ఏడని ఆమె, నాలుగుగా చూడాలని ఆయన 1887లో సమాజపు పత్రికలోనే వాదించుకున్నారు. 1888లో ఆ గ్రంథం లండన్‌లో వెలువడింది. అదే ఏడాది ఆయన సమాజానికి రాజీనామా చేశారు. ముప్పై నాలుగేళ్లు నిండకముందే, 1890 జూన్‌లో, కన్నుమూశారు. మరుసటి మే 8న, ఫ్లూ వ్యాపించిన లండన్‌లో బ్లావట్‌స్కీ పోయారు.

ఆ గ్రంథాన్ని సమీక్షించడానికి చదివిన అనీ బిసెంట్ సమాజంలో చేరి, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. కాంగ్రెస్ పుట్టుకకు కారకుడైన ఏ.ఓ. హ్యూమ్ అంతకుముందే సిమ్లాలో బ్లావట్‌స్కీ శిష్యరికం చేసి, విభేదించి వెళ్లిపోయినవాడు. లండన్‌లో చదువుకుంటున్న గాంధీ చేత భగవద్గీత తొలిసారి చదివించింది ఇద్దరు దివ్యజ్ఞాన సమాజం వాళ్లే. చిత్రకారుడు మోండ్రియన్ 1909లో సభ్యుడయ్యారు. ఇదంతా ఒక పక్క. మనుషులు ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని జాతులుగా పరిణమిస్తారని బ్లావట్‌స్కీ రాసిన ‘మూలజాతుల’ సిద్ధాంతాన్ని ఆస్ట్రియా, జర్మనీల్లోని ఆర్యజాతి పిచ్చివాళ్లు కొందరు తమకు కావలసినట్టు మలుచుకున్నారు. మానవ సౌభ్రాతృత్వం సమాజపు మొదటి ఆశయమే కావచ్చు, ఆ రాతల్లో జాతుల మెట్లు కూడా ఉన్నాయి. ఆమె అభిమానులు ఈ మాట దాటవేయకూడదు.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని ఆయన తండ్రి, రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించిన నారాయణయ్య, 1909లో అడయారుకు తెచ్చారు. అదే ఏడాది అక్కడి సముద్రపు ఒడ్డున సమాజపు ప్రముఖుల్లో ఒకరైన లెడ్‌బీటర్ ఆ కుర్రవాణ్ణి చూసి రాబోయే జగద్గురువు ఇతడేనన్నారు. ఆయన కోసం వేల సభ్యులతో ‘ఆర్డర్ ఆఫ్ ది స్టార్’ వెలిసింది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమెన్‌లో, సభ్యుల ఎదుటే, సత్యానికి దారి లేదని చెప్పి కృష్ణమూర్తి ఆ సంస్థను రద్దు చేశారు. దానికి వచ్చిన ఆస్తులను ఇచ్చినవాళ్లకే తిప్పి పంపారు.