ముందు తిండి, తర్వాత పాట: బార్బెక్యూ పండగకు వెళ్లే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

జులైలో షికాగోలో జరిగే విండీ సిటీ స్మోకవుట్‌కు వెళ్తామంటున్నారు. 2013లో మొదలైన పండగ అది. యునైటెడ్ సెంటర్ స్టేడియం బయట పార్కింగ్ స్థలంలో ఒకవైపు కంట్రీ సంగీతం, మరోవైపు పలు రాష్ట్రాల నుంచి వచ్చిన వంటవాళ్ల స్మోకర్లు, అంటే కట్టెల పొగ మీద మాంసం వండే పొయ్యిలు. పేరున్న గాయకులు రాత్రే పాడతారు కదా అని చాలామంది సాయంత్రం బయల్దేరతారు. మీరు అలా చేయకండి. అక్కడి మాంసం అడిగాక వండిపెట్టేది కాదు, ముందు రాత్రే పొయ్యెక్కుతుంది. అయిపోయిందంటే ఆ పూటకు మళ్లీ రాదు. గేటు తెరిచే వేళకే వెళ్లండి.

అంతసేపు ఎందుకంటే, బ్రిస్కెట్ ఆవు ఛాతీ భాగంలోని కండ. శరీరం బరువు మోసేది, అందుకే గట్టిగా ఉంటుంది. అయిదారు కిలోల ముక్కను 225-250 డిగ్రీల ఫారన్‌హీట్ సెగలో 12 నుంచి 16 గంటలు ఉంచితేగానీ కండను పట్టి ఉంచే కొలాజెన్ అనే గట్టి పదార్థం కరిగి మెత్తని జెలటిన్ కాదు. మధ్యలో 150-165 డిగ్రీల దగ్గర మాంసం వేడి గంటల తరబడి కదలదు. పైకి ఊరిన తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంటుంది, కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. ఇక్కడ తొందరపడి మంట పెంచితే పైన మాడిపోతుంది, లోపల గట్టిగానే మిగులుతుంది. తెలిసినవాళ్లు మందపాటి కాగితం చుట్టి ఓపిక పడతారు. లోపల 203 డిగ్రీలకు అటూఇటూగా వచ్చి, గుచ్చిన పుల్ల అడ్డులేకుండా దిగితే దించుతారు. కనీసం గంటసేపు కదపరు. వెంటనే కోస్తే రసమంతా పలక మీదికి కారిపోతుంది.

కోసేటప్పుడు చూడండి. పీచుకు అడ్డంగా, పెన్సిల్ మందాన కోయాలి. ముక్కను వేలి మీద వేలాడదీస్తే తెగకుండా వంగాలి, లాగితే సులువుగా విడిపోవాలి. అంచున గులాబీ రంగు కనిపిస్తే పచ్చిదని భయపడొద్దు. కట్టెల పొగలోని వాయువులు మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌తో కలిస్తే వచ్చే రంగది. స్మోకర్ గొట్టం నుంచి సన్నని, నీలిఛాయ పొగ రావాలి. దట్టంగా తెల్లపొగ కక్కుతుంటే కట్టె సరిగా మండడం లేదు, మాంసానికి చేదు పడుతుంది. ఆ వరుస వదిలేయండి.

ఒకే దుకాణంలో కడుపు నింపుకోకండి. నలుగురూ నాలుగు వరుసల్లో నిలబడి, తెచ్చుకున్నది పంచుకోండి. టెక్సస్ వాళ్ల బ్రిస్కెట్‌లో ప్రధానంగా ఉప్పు, మిరియాలు, ఓక్ పొగ. మెంఫిస్ వాళ్లు పంది పక్కటెముకలకు పొడి మసాలా పట్టిస్తారు. కాన్సస్ సిటీది టమాటా, మొలాసిస్ (చెరకు మడ్డి) కలిసిన తీపి సాస్. నార్త్ కరోలినా తూర్పు ప్రాంతంలో పంది మాంసానికి వెనిగర్, మిరప పులుపు. పులుసుకు అలవాటైన నాలుకకు ముందుగా నచ్చేది ఇదేనని నా నమ్మకం. అలబామాలో చికెన్‌కు మయొనైజ్, వెనిగర్ కలిపిన తెల్ల సాస్. ఏదైనా మొదటి ముద్ద సాస్ లేకుండా తినండి. పక్కటెముక కొరికితే కొరికిన చోటే మాంసం ఊడాలి. ముట్టుకోగానే మొత్తం రాలిపోతే ఎక్కువ ఉడికినట్టే.

బీఫ్, పోర్క్ తినని పిల్లలు టర్కీ, చికెన్ అడగండి. కత్తి, కోత పలక వేరేనా అన్నదీ అడగండి, చాలాచోట్ల ఒకటే ఉంటుంది. శాకాహారులు బీన్స్ చూసి మోసపోకండి, అందులో తరచూ బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) గానీ బ్రిస్కెట్ ముక్కలు గానీ వేస్తారు. ఆకుకూరలోనూ పంది ఎముక వేసి ఉడికించే అలవాటుంది. మొక్కజొన్న కంకి తీసుకోండి, కోల్‌స్లా అనే క్యాబేజీ సలాడ్‌లో గుడ్డుతో చేసిన మయొనైజ్ ఉంటుంది, గుర్తుంచుకోండి. మిగిలిన మాంసం సంచిలో దాచుకోవద్దు. 90 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో గంట దాటితే పారేయాల్సిందే.

మధ్యాహ్నం తారు నేల కింద నుంచి కూడా కాలుస్తుంది. టోపీ, మూసి ఉండే బూట్లు, రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ తప్పనిసరి. దాహం వేయకముందే నీళ్లు తాగండి. అమెరికాలో 21 ఏళ్లు నిండనిదే బీరు ముట్టకూడదు. నిండినవాళ్లకైనా ఆ ఎండలో అది నీళ్లకు బదులు కాదు. ఎవరైనా తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడితే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, 911కు ఫోన్ చేయండి.

ఇక పాట. స్పీకర్ల ముందు నిలబడొద్దు. 85 డెసిబెళ్ల శబ్దాన్ని చెవి ఎనిమిది గంటలు భరించగలదని లెక్క. ఆపై పెరిగే ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, ఉబ్బేదాకా నొక్కి పట్టుకోండి. పైపైన పెట్టుకుంటే ప్రయోజనం లేదు. వేదికకు ఎదురుగా, సౌండ్ ఇంజనీర్ కూర్చునే గుడారం దగ్గర నిలబడితే ఫిడేలు, స్టీల్ గిటార్ విడివిడిగా వినిపిస్తాయి. ఆయన సర్దేది ఆ చోట వినబడేదాన్ని బట్టే.

ఉరుము వినిపిస్తే పాట మధ్యలోనైనా లోపలికి వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు.

కారు తీసుకెళ్లకండి. 2024లో గ్రీన్ లైన్ రైలు మార్గం మీద డేమెన్ స్టేషన్ తెరిచారు, అక్కడి నుంచి నడిచిపోవచ్చు. రాత్రి గుంపులో ఫోన్లు సరిగా కలవవు, ఎక్కడ కలుసుకోవాలో పగలే అనుకోండి.

మీ పెదనాన్న