క్లాత్ డైపర్ "పడలేదు" అనే ముందు ఒకసారి బకెట్‌లోకి చూడండి

నేను టీకాల గదిలో పనిచేసే నర్సుని. 6, 10, 14 వారాలకు పిల్లల్ని తీసుకొస్తారు. సూది తొడకి వెయ్యాలి కాబట్టి రోజూ పొద్దున్నుంచీ డైపర్లు విప్పుతూనే ఉంటాను. ఎవరింట్లో ఏ డైపర్ వాడుతున్నారో, దాన్ని ఎలా ఉతుకుతున్నారో డాక్టర్ గారికంటే ముందు నాకే తెలుస్తుంది. సగం సంగతి వాసనే చెప్పేస్తుంది.

ఈమధ్య పదే పదే వింటున్న మాట: "సిస్టర్, మా పాపకి క్లాత్ డైపర్ పడలేదు." కొత్త ఊరి నీళ్లు పడలేదన్నట్టు చెప్తారు. విప్పి చూస్తే నిజంగానే పిరుదులు ఎర్రగా కందిపోయి ఉంటాయి, పాపం. ఎనిమిది వేలో పది వేలో పోసి కొన్న డైపర్లన్నీ అటక మీదికి పోతాయి. మళ్లీ వాడి పారేసే ప్యాకెట్ డైపర్లే. చెత్త తగ్గిద్దామని మొదలుపెట్టి రెండు నెలలకే మానేస్తే డబ్బులూ దండగ, ఆ డైపర్ల తయారీకి పోయిన నూలూ, నీళ్లూ దండగే. అందుకని మిగతా అపోహల సంగతి తర్వాత, ముందు దీని పని పడతాను.

అపోహ: గుడ్డ పడక ఒళ్లు కందింది

నేను చూసినంతలో చాలాసార్లు పడనిది గుడ్డ కాదు, దాన్ని ఉతికిన తీరు.

ఒకమ్మాయి 6 వారాల టీకాకి వచ్చింది. పక్కన వాళ్ల అత్తగారు. పాపకి తొడల దగ్గర ఎర్రటి పొక్కులు. "ఎలా ఉతుకుతున్నావమ్మా?" అని అడిగాను.

"చాలా శుభ్రంగా సిస్టర్. రాత్రంతా యాంటీసెప్టిక్ నీళ్లలో నానబెడతాను. పొద్దున మెషిన్‌లో వేస్తాను. చంటిపిల్ల బట్టలు కదా అని లిక్విడ్ అర మూతే పోస్తాను. ఆఖర్న మెత్తగా ఉండాలని కండిషనర్."

అత్తగారు సంచీలోంచి ఒక ఇన్సర్ట్ (తడి పీల్చడానికి డైపర్ లోపల పెట్టే గుడ్డ పట్టీ) తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. "చూడండి సిస్టర్, ఎంత మంచి వాసనో!"

నిజమే, మల్లెపూల వాసన. సూది లేని సిరంజితో 5 ఎం.ఎల్. నీళ్లు తీసుకుని ఆ పొడి ఇన్సర్ట్ మీద వదిలాను. చేమాకు మీద పోసినట్టు బొట్లు బొట్లుగా నిలబడ్డాయి. కాస్త వంచగానే జారి నా చెప్పు మీద పడ్డాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కండిషనర్ బట్టను మెత్తగా చేసేదే నూలుపోగుల మీద సన్నటి జిడ్డు పొర పరిచి. చీరకి, దుప్పటికి అది బాగానే ఉంటుంది. మూత్రం పీల్చుకోవాల్సిన గుడ్డకి అదే శత్రువు. పీల్చుకోలేక తడి అంతా చర్మం మీదే ఉండిపోతుంది, లేదా తొడ పక్కనుంచి కారిపోతుంది. అప్పుడు "గుడ్డ డైపర్ ఆగదు" అనే ఇంకో పుకారు పుడుతుంది.

యాంటీసెప్టిక్ సంగతి ఇంకోటి. అది క్రిములకే గానీ మురికికి కాదు. మురికిని వదలగొట్టేది సబ్బు, నీళ్లు, రుద్దుడు. రాత్రంతా నానితే ఆ మందు గుడ్డలోకి దిగుతుంది. పూర్తిగా జాడించకపోతే ఆ శేషం పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పాప చర్మానికి ఒరుసుకుంటూనే ఉంటుంది.

ఇక అర మూత సబ్బు. అందరూ జాలితో చేసే తప్పు ఇదే. మా గుంటూరు వైపు బోరు నీళ్లు ఎలాంటివో మీ గీజర్ కాయిల్‌నో, కుళాయి మీద తెల్లటి పేరునో అడగండి. ఆ నీళ్లలోని సున్నమే సబ్బులో కొంత తినేస్తుంది, మిగిలిన కాస్త సబ్బు మురికిని వదిలించలేదు. మూత్రం శేషం గుడ్డలో పొర మీద పొరగా చేరుతుంది. ఆరిన గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియదు. పాప ఒక్కసారి పోసిందంటే ఆ వెచ్చదనానికి అమోనియా వాసన గుప్పుమంటుంది, కళ్లు మండుతాయి. రాత్రంతా కట్టి పొద్దున విప్పితే ఘాటుగా ఉండటం మామూలే. అప్పుడే పోసింది కూడా ఘాటుగా ఉంటే మాత్రం గుడ్డ శుభ్రపడలేదని లెక్క. చర్మం తడిలో నాని మెత్తబడుతుంది, అమోనియాతో క్షార గుణం పెరుగుతుంది, దాంతో మలంలో ఉండే ఎంజైములు చురుకై ఆ మెత్తబడ్డ చర్మాన్ని కొరికేస్తాయి. ర్యాష్ వచ్చే దారి ఇది. ప్యాకెట్ డైపర్‌ని గంటల తరబడి మార్చకపోయినా ఇదే దారి.

ఇదంతా చెప్తున్నది పెద్ద తెలివైనదాన్నని కాదు. మా పెద్దదానికి నెలన్నరప్పుడు నేనూ ఇదే పని చేశాను. వార్డు అలవాటు కదా, ఏది చూసినా మందు నీళ్లలో ముంచడమే. దానికి ఒళ్లంతా కందితే నేనేమో నూనె మార్చాను, సబ్బు మార్చాను, నేను తినే కూరలు మార్చాను. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ బాత్‌రూమ్‌లో బకెట్ మూత తీసి, "అమ్మాయ్, అది పిల్లదాని గుడ్డే, పుండు కాదు" అంది. నాలుగు రోజులు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసింది. తగ్గిపోయింది. నర్సింగ్ చదివినదాన్ని, వారం దాకా ఎవరికీ చెప్పుకోలేదు.

మరి ఎలా ఉతకాలి? మలం ఉంటే ముందు టాయిలెట్‌లోకి దులిపి నీళ్లతో కడిగెయ్యాలి. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలం నీళ్లకే పోతుంది. తర్వాత నానబెట్టకుండా గాలి తగిలే బుట్టలో పడేయండి. మూతపెట్టిన బకెట్ వద్దు. రెండో రోజుకి ఉతికెయ్యాలి, మూడో రోజు దాటకూడదు. మెషిన్‌లో మొదట కొంచెం పొడి వేసి చిన్న రౌండ్ తిప్పి ఆ మురికి నీళ్లు పోనివ్వాలి. తర్వాత పెద్దల బట్టలకి ఎంత సబ్బు వేస్తారో అంతా వేసి పూర్తి రౌండ్. బోరు నీళ్లయితే ఇంకాస్త. గోరువెచ్చటి నీళ్లయితే మేలు, కానీ 60 డిగ్రీలు దాటొద్దు, దాటితే పైకవర్‌లోని వాటర్‌ప్రూఫ్ పొరా ఎలాస్టికూ పాడవుతాయి. చేత్తో ఉతికేవాళ్లకీ ఇదే వరస, రెండుసార్లు సబ్బు, నురగ పోయేదాకా జాడింపు. ఇన్సర్టులు ఎర్రటి ఎండలో, కవర్లు నీడలో. కండిషనర్ సీసా పిల్లల బట్టల దరిదాపుల్లోకి రాకూడదు.

కొత్త నూలు ఇన్సర్టులు నాలుగైదు ఉతుకులు పడేదాకా సరిగా పీల్చవు. మొదటి రోజే కారిందని కంగారుపడి తిరిగి పంపకండి. ఇంకోటి, స్నానానికి ముందు నూనె మర్దనా చేసి అలాగే డైపర్ కట్టేస్తారు. ఆ నూనె కూడా కండిషనర్ చేసే పనే చేస్తుంది. క్రీమ్ రాసినప్పుడు పాత చీర ముక్క ఒక పొర అడ్డం వేస్తే సరిపోతుంది. మైక్రోఫైబర్ (సన్నటి సింథటిక్ పోగుల) ఇన్సర్ట్ నేరుగా చర్మానికి తగలకూడదు, డైపర్‌కి ఉండే పాకెట్ లోపలే ఉండాలి.

ఇవన్నీ చేసినా ఎర్రదనం తొడ ముడతల లోపలికి కూడా పాకి, చుట్టూ విడివిడిగా చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. పౌడర్ చల్లి ఊరుకోకండి, డాక్టర్‌కి చూపించండి. అసలు పౌడరే వద్దు, పిల్లలు పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అపోహ: బయోడిగ్రేడబుల్ ప్యాకెట్ కొంటే సరి, అంతా మట్టిలో కలిసిపోతుంది

ప్యాకెట్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటే ధర దాదాపు రెట్టింపు. వెదురు అని రాసి ఉన్న డైపర్‌ని ఓసారి కత్తెరతో కోసి చూడండి. చర్మానికి తగిలే పొర వెదురుదే కావచ్చు. మధ్యలో దూదిలాంటి పొట్టుతో పాటు పంచదారలాంటి పలుకులు రాలతాయి, అది సోడియం పాలీఅక్రిలేట్ అనే పాలిమర్. తడి తగిలితే జెల్లీలా ఉబ్బుతుంది. అది విషమని వాట్సాప్‌లో తిప్పేవాళ్లూ ఉన్నారు, అది వేరే పుకారు. జెల్లీ బయటికొచ్చి పాప ఒంటికి అంటుకుంటే కడిగేయండి, అంతే. అయితే అది మట్టిలో కలిసేది కూడా కాదు. కాళ్ల దగ్గర ఎలాస్టిక్, పక్కన అతుకు టేపులూ అంతే.

కంపోస్టబుల్ (ఎరువుగా మారేది) అన్న ముద్రకి పరీక్ష చేసేది 58 డిగ్రీల వేడిలో, గాలి బాగా ఆడేలా, నెలల తరబడి. మన ఊరి డంపింగ్ యార్డులో చెత్త కింద చెత్త నొక్కుకుపోయి గాలే ఉండదు. వెదురు డైపరూ, మామూలు డైపరూ పక్కపక్కనే పడుంటాయి. మీ పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టాలనుకుంటే అందులో మలం కూడా ఉందని గుర్తుపెట్టుకోండి.

వాడటం తప్పదు కొన్నిసార్లు. వాడితే మలం టాయిలెట్‌లో దులిపి, కాగితంలో గట్టిగా చుట్టి, తడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. పుణెలో ఆ పొట్లం మీద ఎర్ర చుక్క పెట్టమని అడిగారు, చేత్తో వేరుచేసే కార్మికులకి తెలిసేలా. మన వీధిలో పొద్దున బండి తోసుకొచ్చే ఆవిడ కూడా చేత్తోనే వేరుచేస్తుంది. టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేసేవాళ్లు మాత్రం ప్లంబర్ నంబర్ దగ్గర పెట్టుకోండి.

అపోహ: గుడ్డ అయితే చాలు, పర్యావరణానికి మంచిదే

ఇది గుడ్డ డైపర్లు మెచ్చే మనవాళ్లకి చేదుగా ఉంటుంది. బ్రిటన్‌లో 2008లో అక్కడి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లెక్క వేస్తే, ఒక బిడ్డకి రెండున్నరేళ్లలో ప్యాకెట్ డైపర్ల వల్ల సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు, గుడ్డ వాటి వల్ల సుమారు 570 కిలోలు తేలాయి. గుడ్డే కాస్త ఎక్కువ! తేడా అంతా ఉతకడంలోనూ ఆరబెట్టడంలోనూ ఉంది. మెషిన్ నిండా వేసి, ఆరుబయట ఆరేసి, రెండో బిడ్డకి కూడా అవే వాడితే ఆ లెక్క 40 శాతం తగ్గింది. 2023లో అక్కడి ప్రభుత్వమే కొత్తగా వేయించిన లెక్కలో గుడ్డ డైపర్ల వల్ల వాతావరణం వేడెక్కే భారం ప్యాకెట్ వాటికంటే 25 శాతం తక్కువ. మనకి దండెమూ ఎండా ఉన్నాయి, డ్రైయర్ అక్కర్లేదు. అలాగని నాలుగు గుడ్డల కోసం మెషిన్ తిప్పకండి. ప్రింట్ ముద్దుగా ఉందని నలభై డైపర్లు కొనే సరదా కూడా వద్దు.

అసలు మొదటి నెలకి ఏదీ కొనక్కర్లేదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర, పంచె చింపి లంగోటీలు కుట్టించుకుంటే ఇంట్లోనే ముప్ఫై తయారవుతాయి. పైన ఒక కవర్ చాలు.

మిగతావి, గబగబా

డైపర్ వేస్తే దొడ్డికాళ్లు వస్తాయి: రావు. చంటిపిల్లల కాళ్లు మొదట్లో అందరికీ వంపుగానే ఉంటాయి, రెండేళ్లు వచ్చేసరికి సర్దుకుంటాయి.

మగపిల్లాడికి ప్యాకెట్ డైపర్ వేస్తే పెద్దయ్యాక పిల్లలు పుట్టరు: 2000లో జర్మనీ డాక్టర్లు ప్లాస్టిక్ పొర ఉన్న డైపర్లలో వృషణాల దగ్గర వేడి కొంచెం ఎక్కువ ఉందని కొలిచారు. పెద్దయ్యాక పిల్లలు పుట్టరని అందులో తేల్లేదు. ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ రెండో ముక్క సొంతంగా కలుపుతున్నారు.

గుడ్డ కడితే తడి తెలిసి నిద్ర చెడుతుంది: చెడొచ్చు. రాత్రికి రెండు ఇన్సర్టులు వేసి చూడండి, లేదా రాత్రి మట్టుకు ప్యాకెట్ డైపర్ వాడుకోండి. కానీ పగలు తడి తెలియడం తల్లికి ఎంత మేలో! అయిదో రోజు దాటిన బిడ్డ 24 గంటల్లో ఆరుసార్లైనా పోస్తే పాలు సరిపోతున్నాయని లెక్క. "పాలు చాలడం లేదేమో" అని ఏడుస్తూ వచ్చే తల్లుల్ని నేను మొదట అడిగేది అదే. ప్యాకెట్ డైపర్ వేసినవాళ్లు చాలామంది ఎన్నిసార్లు పోసిందో చెప్పలేరు, అన్నీ కలిసి ఒకటే బరువు. లంగోటి కట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు.

వాడితే మొత్తం గుడ్డే వాడాలి: ఎవరన్నారు? ఉద్యోగానికి పోయే తల్లికి పగలు క్రెష్‌లో ప్యాకెట్, ఇంటికొచ్చాక గుడ్డ. రోజుకి 5 డైపర్లు, ఒక్కోటి 12 రూపాయలనుకుంటే నెలకి 1,800. మూడు తగ్గితే 1,080 మిగులుతాయి, చెత్తబుట్టలోకి 90 డైపర్లు తక్కువ పోతాయి. ఇంట్లో నాయనమ్మ ఉంటే ఇంకా తగ్గుతాయి. నేల మీద కాళ్లు చాపి, పాదాల మీద బిడ్డని కూర్చోబెట్టి "ఉస్స్..." అంటుందే, ఆ పనికి ఇప్పుడు ఇంగ్లీషులో పేరు పెట్టి క్లాసులు చెప్తున్నారు. మెడ నిలిచాక, పాలు తాగిన కాసేపటికి అలా కూర్చోబెడితే సగం గుడ్డలు తడవవు.

ఆ 6 వారాల పాప సంగతి చెప్పలేదు కదూ. ఇన్సర్టులన్నీ వేడినీళ్లలో సబ్బుతో రెండుసార్లు ఉతికి, నురగ పోయేదాకా జాడించి తెమ్మన్నాను. 10 వారాలకి తొడలు ఇంకా కొంచెం ఎర్రగా ఉన్నాయి. 14 వారాలకి విప్పి చూస్తే మచ్చ కూడా లేదు. సిరంజి నేను తియ్యలేదు, ఆ అమ్మాయే వాటర్ బాటిల్ మూతతో ఇన్సర్ట్ మీద నీళ్లు పోసి చూపించింది. చుక్క నిలవలేదు. అత్తగారు మాత్రం మూతి ముడుచుకుని, "అంతా బాగానే ఉంది గానీ సిస్టర్, గుడ్డలకి ఆ మల్లెపూల వాసన లేదు" అన్నారు.