ఆదిమానవుల నవలలు: పాఠకుల అపోహలు, తవ్వకాల వాస్తవాలు

జీన్ ఎం. ఆవెల్ రాసిన ‘ఎర్త్స్ చిల్డ్రన్’ వరసలో నవలలు ఆరు. మొదటిది ‘ది క్లాన్ ఆఫ్ ది కేవ్ బేర్’ 1980లో వచ్చింది, ఆఖరిది 2011లో. కథానాయిక అయ్‌లా మనలాంటి మనిషే, కానీ ఇప్పుడు అంతరించిపోయిన మన దగ్గరి చుట్టాలు నియాండర్తల్‌ల గుంపులో పెరుగుతుంది. నాలుగున్నర కోట్ల ప్రతులు అమ్ముడుపోయినా పాఠకులు ఇంకా రెండు జట్లుగానే ఉన్నారు. ఒక జట్టుకి ఇది మంచుయుగం మీద విజ్ఞాన సర్వస్వం. రెండో జట్టుకి తోళ్ళు కట్టుకున్న ప్రేమకథ, అంతే. రాతి పనిముట్లు, గుహల మట్టిపొరలు చదివే మాలాంటివాళ్ళకి ఇద్దరి గురీ తప్పినట్టే కనిపిస్తుంది. చేతిపనుల దగ్గర ఈ నవలలు చాలామటుకు గట్టివి. కాలం లెక్క దగ్గరే పట్టు తప్పుతాయి.

అపోహ: అంత పరిశోధన చేసి రాసింది కాబట్టి ఉన్నదంతా నిజమే.

పరిశోధన చేసిన మాట వాస్తవం. పుస్తకాలు చదవడంతో ఆగకుండా మంచుగుహ తవ్వుకుని అందులో రాత్రి గడపడం, రాయి చెక్కడం కూడా నేర్చుకుంది. అయితే కథాకాలం సుమారు 30,000 ఏళ్ళ కిందటిది. మూడో నవలలోని మామత్ (మంచుయుగపు బొచ్చు ఏనుగు) వేటగాళ్ళ బతుకుకి దగ్గరి ఆనవాళ్ళు ఉక్రెయిన్‌లోని మెజిరిచ్‌లో ఉన్నాయి. 1965లో ఒక రైతు నేలమాళిగ తవ్వుకుంటుంటే బయటపడిన చోటు అది. అక్కడ ఒక్క గుడిసె గోడకే 95 మామత్ దవడ ఎముకలు పేర్చారు. ఆ ఇళ్ళ వయసు మాత్రం సుమారు 18,000 ఏళ్ళే. ఈటెను దూరంగా విసిరే కొక్కెపు కర్ర సంగతీ ఇంతే. తిరుగులేకుండా గుర్తించిన వాటిలో అతి పాతది ఫ్రాన్స్‌లో సొలూట్రియన్ అనే రాతియుగ దశ పొరల్లో దొరికింది. అదీ కథాకాలానికి వేల ఏళ్ళ తర్వాతిదే.

ఇక నియాండర్తల్‌లు. యూరప్‌లో వాళ్ళు సుమారు 40,000 ఏళ్ళ కిందటే కనుమరుగయ్యారు. నవలలో మాత్రం పదివేల ఏళ్ళ తర్వాత కూడా గుంపులుగా తిరుగుతుంటారు. ఈ తప్పు రచయిత్రిది కాదు, కాలంతో తరిగిపోయే కార్బన్-14ను కొలిచి వయసు కట్టే అప్పటి లెక్కలది. 40,000 ఏళ్ళ ఎముకలో మొదట ఉన్న కార్బన్-14లో నూటికి ఒక వంతు కూడా మిగలదు. నేల నుంచో, చేతుల నుంచో, పూసిన జిగురు నుంచో ఒక్క శాతం కొత్త కార్బన్ కలిసిందంటే వయసు 33,000 దగ్గర తేలుతుంది. ఎముకలోంచి కొలాజెన్ అనే మాంసకృత్తును వేరుచేసి, వడగట్టి, శుద్ధి చేసే పద్ధతులు గట్టిపడ్డాక పాత తేదీలు చాలావరకు వెనక్కి జరిగాయి.

అపోహ: నియాండర్తల్‌లు సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళని సైన్స్ తేల్చింది.

తేల్చలేదు. ఫ్రాన్స్‌లో దొరికిన లా షాపెల్ నియాండర్తల్ పుర్రెను ఆధారం చేసుకుని, వాళ్ళ గొంతు మన అచ్చులన్నీ పలకలేదని 1971లో ఒక వాదం వచ్చింది. నవల మీద పడిన నీడ ఆ కాలపు ఆలోచనలదే. తర్వాత 1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో నాలుక మొదట్లో ఉండే హైయాయిడ్ ఎముక దొరికింది, ఆకారం దాదాపు మనదే. మాటకు సంబంధం ఉన్న ఫాక్స్‌పీ2 జన్యువులోనూ మనకున్న రెండు ముఖ్యమైన మార్పులు వాళ్ళలో కనిపించాయని 2007లో తెలిసింది. వీటితో వాళ్ళ భాష ఎలా ఉండేదో చెప్పలేం. మాట రానివాళ్ళు అనడానికి మాత్రం ఆధారం పోయింది.

నవలలోని నియాండర్తల్‌లకు తాతముత్తాతల జ్ఞాపకాలు పుట్టుకతోనే వస్తాయన్న ముచ్చట పూర్తిగా కల్పన. కథకు బలమిచ్చింది, కాబట్టి ఒప్పుకోవచ్చు. జీవశాస్త్రంలో దానికి చోటు లేదు.

అపోహ: నియాండర్తల్ తండ్రికి పుట్టిన అయ్‌లా కొడుకు డర్క్ లాంటి బిడ్డ పుట్టడం అసాధ్యం.

ఈ నవల మీద పడిన విమర్శల్లో ఇదే నిలువునా తిరగబడింది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏను 1997లో చదివినప్పుడు మనలో నియాండర్తల్ జాడ కనిపించలేదు. దాంతో సంకరం జరగలేదన్న వాదానికి బలం వచ్చింది. 2010లో జన్యుశాస్త్రవేత్త స్వాంటే పాబో బృందం నియాండర్తల్ జన్యుక్రమం ముసాయిదా ప్రచురించాక కథ మారిపోయింది. ఆఫ్రికా బయటి జనాల డీఎన్‌ఏలో ఇప్పటి లెక్కల ప్రకారం సుమారు 2 శాతం వాళ్ళది. రొమేనియాలోని ఒవాసే గుహలో దొరికిన మనిషి దవడ ఎముకకు సుమారు 40,000 ఏళ్ళు. ఆ మనిషికి నాలుగు నుంచి ఆరు తరాల ముందే ఒక నియాండర్తల్ పూర్వీకుడు ఉన్నట్టు 2015లో బయటపడింది. 1980లో రచయిత్రి ఊహించి రాసినదానికి ముప్ఫై ఏళ్ళ తర్వాత సాక్ష్యం వచ్చిందన్నమాట.

అపోహ: అయ్‌లాను పెంచిన ఒంటిచేతి నియాండర్తల్ క్రెబ్‌ను గుంపు సాకడం కన్నీళ్ళ కోసం పెట్టిన కట్టుకథ.

క్రెబ్‌కు మూలం ఇరాక్ కుర్దిస్తాన్‌లోని షానిదార్ గుహ. అక్కడ పురావస్తు శాస్త్రవేత్త రాల్ఫ్ సొలెకీ 1950లలో తవ్విన ‘షానిదార్ 1’ అనే నియాండర్తల్ అస్థిపంజరం నలభై దాటిన మగవాడిది. ఎడమ కంటి పక్క ఎముక చితికి మానింది, కుడిచెయ్యి ఎండిపోయి మోచేతి దగ్గరే ఆగిపోయింది. అంత దెబ్బల తర్వాత కూడా ఏళ్ళ తరబడి బతికాడంటే ఎవరో ఒకరు ఆసరాగా ఉండాలి. అదే గుహలో శవాన్ని పూలతో పూడ్చారనే ‘పూల సమాధి’ మాత్రం అంత గట్టిది కాదు. మట్టిలోని పుప్పొడిని బొరియలు చేసుకునే ఎలుకలో, గూళ్ళు పెట్టే తేనెటీగలో చేర్చి ఉండొచ్చని తర్వాతి పరిశీలనలు చెబుతున్నాయి. నవలలోని గుంపు చేసే గుహ ఎలుగు పూజ ఇంకా బలహీనం. స్విట్జర్లాండ్‌లోని డ్రాఖెన్‌లోఖ్‌లో పుర్రెల్ని రాతి పెట్టెల్లో పేర్చారన్నది దానికి పెద్ద ఆధారంగా ఉండేది. పైకప్పు నుంచి పలకలు రాలి, ఎముకలు వాటి మధ్య చిక్కుకున్నా అలాగే కనిపిస్తుందని ఇప్పుడు ఎక్కువమంది అభిప్రాయం.

అపోహ: రెండు చెకుముకి రాళ్ళు కొట్టుకుంటే నిప్పు పుడుతుంది, పైరైట్ గొడవ అనవసరం.

రెండో నవలలో అయ్‌లా చెకుముకికి ఐరన్ పైరైట్ తగిలించి నిప్పు పుట్టిస్తుంది. అది సరైన పద్ధతి. రెండు చెకుముకి రాళ్ళు కొడితే మెరుపు కనిపిస్తుంది, మంట అంటుకోదు. చుట్ట ముట్టించుకోవడానికి చెకుముకి, ఉక్కు ముక్క, దూది వాడినవాళ్ళు మన ఊళ్ళల్లో ఉండేవారు. అందులోనూ నిప్పురవ్వ రాయిది కాదు, రాతి అంచు గీరి రాల్చిన ఉక్కుది. ఉక్కు లేని కాలంలో ఆ పని పైరైట్ చేసింది.

అయితే పైరైట్ రవ్వ ఎర్రగా, నీరసంగా ఉంటుంది, గడ్డి మీద నేరుగా పడితే ఆరిపోతుంది. బిర్చ్ చెట్ల మీద పెరిగే గట్టి పుట్టగొడుగు లోపలి పొరను నూగులా గీరాలి, ముందే కాస్త మాడ్చి పెట్టుకుంటే మరీ మంచిది. రవ్వను దాని మీద పట్టి, ఎర్రబారాక ఎండుగడ్డి ఉండలో చుట్టి ఊదాలి. చేసి చూసేవాళ్ళు తప్పేది రెండు చోట్ల: నూగులో చెమ్మ ఉంచడం, పైరైట్‌ను నిలువుగా బాదడం. ఏటవాలుగా, గీరినట్టు కొట్టాలి. పైరైట్ చెమ్మకు పొడిపొడి అవుతుంది కనుక తవ్వకాల్లో అరుదుగా దొరుకుతుంది.

అపోహ: రాయి చెక్కే పేజీలు సాగతీత.

సాగతీత అనిపించొచ్చు గానీ మొదటి నవలలో పనిముట్లు చేసే డ్రూగ్ రాయి చెక్కే ఘట్టం పాఠంలా చదువుకోవచ్చు. నిజంగా చెక్కేటప్పుడు దెబ్బ కొట్టే అంచుకీ, పెచ్చు ఊడాల్సిన ముఖానికీ మధ్య కోణం 90 డిగ్రీల లోపు ఉండాలి. దాటితే రాయి నలుగుతుందే తప్ప పెచ్చు రాదు. అంచును ముందు గరుకురాయితో రుద్దాలి, లేకపోతే దెబ్బ తగిలిన చోటే పిండి అయిపోతుంది. ముఖం చదునుగా ఉంటే పెచ్చు మధ్యలోనే మెట్టులా విరుగుతుంది. కాస్త ఉబ్బుగా ఉంచితే చివరిదాకా వస్తుంది. మొదటి పెద్ద పెచ్చులకు గుండ్రటి రాయి, పల్చటి వాటికి కొమ్ము సుత్తి.

అపోహ: అయ్‌లా చేసినవన్నీ ఆ కాలంలో ఎవరో ఒకరు చేసే ఉంటారు.

నవలల్లో గుర్రాన్ని, తోడేలును మచ్చిక చేయడం, సూదికి కన్నం పెట్టడం అన్నీ అయ్‌లా చేతుల మీదే జరుగుతాయి. గుర్రాన్ని మచ్చిక చేసినదానికి పాత ఆధారాలు కజకిస్తాన్‌లోని బొటాయ్‌వి, అవీ 5,500 ఏళ్ళ కిందటివి. వాటి మీదా వాదన నడుస్తోంది. కుక్కకు గట్టి ఆధారం జర్మనీలోని బాన్-ఓబర్‌కాసెల్ సమాధి, సుమారు 14,000 ఏళ్ళది. సూదికి కన్నం పెట్టడం తిరగేసిన కేసు. సైబీరియాలో అలాంటి సూదులు కథాకాలానికి ముందునుంచే ఉన్నాయి. వేల ఏళ్ళలో, వేరువేరు చోట్ల పుట్టినవన్నీ ఒకే అమ్మాయి పదేళ్ళలో కనిపెడితే పాఠకుడికి చిరాకు రావడం న్యాయమే.

అపోహ: ఇదంతా యూరప్ గొడవ, మనకేం సంబంధం?

భారతదేశంలో నియాండర్తల్ ఎముక దొరకలేదు. కానీ ఒకప్పటి కర్నూలు జిల్లాలోని (ఇప్పుడు నంద్యాల జిల్లా) బిళ్ళసర్గం గుహల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు 1880లలోనే తవ్వారు. అదే జిల్లాలోని జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ళ కిందటి, ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతపు బూడిద పొర కింద, పైన కూడా రాతి పనిముట్లున్నాయి. అక్కడి రాతిచావడిలో చిన్న రాతి పనిముట్లు సుమారు 35,000 ఏళ్ళ నాడే మొదలవుతాయి. అయ్‌లా కంటే ముందే. పైగా కోవిడ్ తీవ్రత పెంచే నియాండర్తల్ జన్యుభాగం మూడో క్రోమోజోములో ఉందని 2020లో తేలింది. దక్షిణాసియాలో సుమారు సగంమందిలో అది కనీసం ఒక ప్రతి ఉంది.

అపోహ: మొదటిది నచ్చితే ఆరూ వరసగా చదవాల్సిందే.

అక్కర్లేదు. మొదటిది విడిగా నిలబడుతుంది. రెండోది నిప్పు కోసం, ఒంటరి బతుకు వివరాల కోసం చదవొచ్చు, శృంగారం పేజీలు దాటేసినా కథ పోదు. మూడోదాంట్లో వేట బాగుంటుంది, ప్రేమ పోటీ విసిగిస్తుంది. నాలుగోది డాన్యూబ్ వెంట ప్రయాణం, మొక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి. అయిదోది వచ్చేసరికి పన్నెండేళ్ళు పట్టింది, పాత కథ మళ్ళీమళ్ళీ చెప్పడం అక్కడ ముదిరింది. ఆరోదాంట్లో గుహ తర్వాత గుహ, మధ్యలో అదే పాట. అలంకరించిన గుహల బొమ్మలు పక్కన పెట్టుకుని విడివిడి అధ్యాయాలుగా చదివితే అది కాస్త మింగుడుపడుతుంది.