హలపీనో మిరపకు ఎరువు: అపోహలు, వాస్తవాలు

ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పెరట్లోనో మేడ మీద కుండీల్లోనో హలపీనో వేసేవారి కోసం ఇది. ఈ మొక్క చెడేది చాలావరకు ఎరువు తక్కువై కాదు, ఎక్కువై.

అపోహ: పై దేశపు మిరప కాబట్టి వేరే ఎరువు కావాలి.
వాస్తవం: పుట్టిల్లు మెక్సికో అయినా, హలపీనోదీ మన పచ్చిమిర్చిదీ ఒకే జాతి, కాప్సికమ్ యాన్యుమ్. అవే ఎరువులు చాలు. తేడా కాయలో ఉంది, కండ దళసరి. అందుకే నీటిలో హెచ్చుతగ్గులు వస్తే సన్నమిర్చి కన్నా ముందు ఇది దెబ్బతింటుంది.

అపోహ: గుప్పెడు యూరియా వేస్తే కాపు విరగ్గాస్తుంది.
వాస్తవం: విరగ్గాసేది ఆకు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. 15 లీటర్ల కుండీలో గుప్పెడు పడితే వేళ్లు మాడతాయి, ఆకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. మాడకపోయినా మొక్క నిగనిగలాడుతూ పెరిగి పూత వేయదు. లేత ఆకు ఎక్కువైతే పురుగులూ చేరతాయి. పొరపాటున వేసేస్తే పైపైన కనిపించే గుళికలు తీసేసి, 30 లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోసి అడుగు కన్నాల గుండా కారనివ్వండి.

కుండీకి మా లెక్క ఇది. ఎర్రమట్టి రెండు వంతులు, బాగా చివికిన గత్తం ఒక వంతు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు, 50 గ్రాముల వేపపిండి. నారు నాటాక రెండు వారాలు ఏమీ వేయొద్దు. తర్వాత మొగ్గ కనబడేదాకా 15 రోజులకోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న, నీటిలో కరిగే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి మొక్కకు అర లీటరు పోయండి. మొగ్గ వచ్చాక దాన్ని ఆపి 13-0-45 (పొటాష్ ఎక్కువగా, భాస్వరం లేని ఎరువు) అదే మోతాదులో ఇవ్వండి. మట్టి ఎండి ఉంటే ముందు మామూలు నీళ్లు, ఆ తర్వాతే ఎరువు నీళ్లు. జోరువానలకు నత్రజని కొట్టుకుపోతుంది. ఉద్దానం ఇసుక నేలల్లో ఇది మరీ ఎక్కువ కాబట్టి మోతాదు పెంచకుండా సగం సగం చేసి రెండుసార్లు ఇవ్వడం మేలు.

అపోహ: కొబ్బరి పొట్టే మంచి ఎరువు.
వాస్తవం: ఉద్దానంలో పొట్టుకు కొదవలేదు గనుక కుండీ నిండా అదే నింపాలనిపిస్తుంది. అది తేమను పట్టి ఉంచుతుందంతే. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, కాల్షియాన్ని తనలోకి లాక్కుంటుంది, చివుకుతూ నత్రజనినీ తినేస్తుంది. మూడు నీళ్లు మార్చి కడిగి, పిండి, ఆరబెట్టాకే వాడండి.

అపోహ: కాయ అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు వేస్తే సరి.
వాస్తవం: కాయ కొన దగ్గర గుంటపడి నల్లబడితే ఆ కాయకు కాల్షియం అందలేదని గుర్తు. మట్టిలో కాల్షియం లేకపోవడం కన్నా, ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచేయడమే దీనికి ఎక్కువసార్లు కారణం. కాల్షియం నీటితోనే కాయకు చేరాలి. పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. ముందు నీళ్లు క్రమంగా పోయండి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచండి. అప్పటికీ తగ్గకపోతే కాల్షియం నైట్రేటు లీటరు నీటికి 2 గ్రాములు కలిపి మొక్క మొదలు దగ్గర పోయండి. దాన్ని 19-19-19తో గానీ ఎప్సమ్ ఉప్పుతో గానీ ఒకే నీటిలో కలపకూడదు, విరిగినట్టయి అడుగున పేరుకుంటుంది. మచ్చ కాయ పక్క భాగం మీద వలయాలు వలయాలుగా ఉంటే అది కాయకుళ్లు తెగులు, ఎరువుతో పోదు.

అపోహ: ఎప్సమ్ ఉప్పు నెలనెలా వేయాలి.
వాస్తవం: అందులో ఉండేవి మెగ్నీషియం, గంధకం. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతేనే అవసరం. ఊరికే వేస్తే కాల్షియానికి అడ్డుపడుతుంది.

అపోహ: ఆకు ముడిస్తే ఎరువు చాలలేదని అర్థం.
వాస్తవం: అంచులు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అయ్యే అవకాశం ఎక్కువ. ఆకు తిప్పి చూడండి. మొదట్లోనే అయితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి. ఈ సమయంలో నత్రజని పెంచితే పురుగుకు మేత వేసినట్టే.

అపోహ: ఎర్రనేలలో డీఏపీ (భాస్వరం ఎక్కువున్న ఎరువు) ఎంత వేస్తే అంత మంచిది.
వాస్తవం: రాయగడ, కొరాపుట్ వైపు ఎర్రనేలలు చాలాచోట్ల ఆమ్ల గుణమున్నవి. అక్కడ భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం కట్టిపడేస్తాయి. ముందు పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) చూడండి, 6 నుంచి 6.8 మధ్య ఉండాలి. తక్కువైతే 15 లీటర్ల మట్టికి 15 గ్రాముల డోలమైటు పొడి కలిపి, తడిపి, రెండు వారాలు ఆగి నాటండి. సున్నం గానీ బూడిద గానీ యూరియాతో కలిపి వేస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

అపోహ: పచ్చిపేడ బలం.
వాస్తవం: దాని వేడికీ అమ్మోనియాకూ వేళ్లు చెడతాయి, వేరుపురుగు చేరుతుంది. మూడు నాలుగు నెలలు చివికి, వాసన పోయి, పొడిపొడిగా అయ్యాకే వేయండి.

అపోహ: పూత రాలితే పొటాష్ వేయాలి.
వాస్తవం: పగలు 35 డిగ్రీలు దాటి రాత్రీ చల్లబడకపోతే ఏ ఎరువు వేసినా పూత రాలుతుంది. తీరం వైపు ఆగస్టులో నారు పోసి సెప్టెంబరులో నాటితే పూత చలికాలంలో పడుతుంది. కొరాపుట్ పీఠభూమి మీద ఈ ఇబ్బంది తక్కువ.

అపోహ: కాయ మీద గోధుమరంగు గీతలు ఏదో లోపానికి గుర్తు.
వాస్తవం: లోపల కండ తొక్క కన్నా వేగంగా పెరిగితే తొక్క సన్నగా చిట్లి మానుతుంది. హలపీనోకు ఇది సహజం. కాయ ముదురు పచ్చగా, గట్టిగా, రెండు మూడు అంగుళాలుంటే గీతలున్నా కోసుకోండి.