పసరు రక్తంలోకి ఎలా చేరుతుంది? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో లివర్ ఓపీ చూస్తాను. నెల్లూరు వైపు నుంచి తెల్లవారి రైలెక్కి వచ్చేవాళ్లలో చాలామంది కామెర్లకు ముందు ఆకుపసరు తాగో, చేతికి వాత పెట్టించుకునో వస్తారు. దాని సంగతి సరే, వాళ్లు చెప్పే కారణాలే నన్ను ఆపుతాయి. ఇక్కడ నుంచి పసరంటే ఆకురసం కాదు, కాలేయంలో ఊరే పైత్యరసం.

అపోహ: కాలేయం నుంచి పేగుకు పసరు తెచ్చే నాళం మూసుకుంటే అది పొంగి రక్తంలో పడుతుంది, అంతే.

వాస్తవం: కొంతే నిజం. పసరులో ఉండి కొవ్వు అరగడానికి సాయపడే పైత్య ఆమ్లాలు మామూలు మనిషి రక్తంలోనూ తిరుగుతాయి. ఒంట్లో ఉన్నవే 2 నుంచి 4 గ్రాములు. పేగులోకి దిగుతాయి, చిన్నపేగు చివర 95 శాతం దాకా మళ్లీ రక్తంలోకెక్కి కాలేయానికి చేరతాయి. రోజుకు ఆరేడుసార్లు ఇదే తిరుగుడు. కాలేయం పట్టుకోగా మిగిలింది పరగడుపున లీటరుకు 10 మైక్రోమోల్స్ లోపే.

ఇప్పుడు రాయి అడ్డుపడిందనుకోండి. కాలేయ కణం వీధి వైపు, అంటే రక్తం వైపు, సరుకు దించుకుని దొడ్డి వైపు నాళంలోకి పంపే ఇల్లు. దొడ్డిదారి మూసుకుంటే లోపల సబ్బులాంటి ఈ ఆమ్లాలు పేరుకుని కణాన్నే తినేస్తాయి. అందుకే వీధి వైపు దించుకునే ఎన్‌టీసీపీ అనే ప్రోటీన్‌ను తగ్గించి, అదే వైపు బయటికి గెంటే ఎంఆర్‌పీ3, ఎంఆర్‌పీ4 లాంటి పంపులను పెంచుకుంటుంది. ఒత్తిడికి అక్కడక్కడా కణాలు చిట్లి పసరు కారడమూ ఉంది, చిట్టెలుకల్లో కళ్లారా చూశారు. రక్తంలోకి వచ్చినవాటిని ఎక్కువగా అల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ మోస్తుంది, కొంత కొలెస్టరాల్ మోసే హెచ్‌డీఎల్. మోతాదు పదుల రెట్లు పెరుగుతుంది. అప్పుడు కిడ్నీలు కొంత భారం ఎత్తుకుంటాయి. సల్ఫేట్ తగిలించిన ఆమ్లాలు మూత్రంలో పోతాయి.

అపోహ: కళ్లు ఎంత పచ్చబడితే దురద అంత.

వాస్తవం: పసుపు, పసరులోనే ఉండే బిలిరుబిన్ అనే రంగు పదార్థానిది. పైత్య ఆమ్లాలకు ఆ రంగు లేదు. పోనీ ఆమ్లాల లెక్కకైనా దురద సరిపోతుందా అంటే, అదీ లేదు. దురదకు ఇచ్చే కొలెస్టిరమిన్ పొడి ఆమ్లాలను పేగులో పట్టుకుంటుంది. నాళం పూర్తిగా మూసుకుంటే పేగులో పట్టుకోవడానికేముంది?

అపోహ: మూసుకున్న నాళంలో స్టెంట్ (దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేసి వారమైనా పసుపు దిగలేదు, ఫెయిలైంది.

వాస్తవం: బిలిరుబిన్‌లో కొంత అల్బుమిన్‌కు గట్టిగా అతుక్కుపోతుంది. అల్బుమిన్ సగం తగ్గడానికే దాదాపు 3 వారాలు. పైత్య ఆమ్లాలది వదులు పట్టు, అవి ముందే దిగుతాయి. అందుకే నేను కళ్ల సంగతి కాదు, మలం రంగు అడుగుతాను. సుద్దరంగు పోయిందంటే పసరు పేగులో పడుతోంది. చలిజ్వరం వస్తే మాత్రం రంగులు చూస్తూ కూర్చోకండి, ఆ పూటే రండి.