టీవీ కంటే ముందు వైరు చూడండి

చిరంజీవులు చిన్నీకి, బాబీకి అమ్మమ్మ ఆశీస్సులు.

దసరా ఆఫర్లో 55 ఇంచుల టీవీ కొనిపించుకోవడానికి మీ నాన్నని కాకా పడుతున్నారట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పట్టండి, తప్పులేదు. కాకపోతే షాపుకి వెళ్ళేలోపు ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి చెప్పి అలవాటైన నోరు, ఊరుకోమన్నా ఊరుకోదు. ఓపిగ్గా చదవండి.

షాపులో గోడ నిండా పెట్టిన టీవీల్లో నెమళ్ళు, రంగు చేపలు, మంచుకొండలు తిరుగుతుంటాయి. అవి ప్రత్యేకంగా 4కె లో తీసి పెట్టుకున్న వీడియోలు. మీ ఇంట్లో ఎక్కువసేపు నడిచేది వార్తలు, మా వదినగారి సీరియళ్ళు. మీ ప్యాకేజీలో అవన్నీ ఎస్‌డీ ఛానళ్ళే, అంటే పాతకాలపు మామూలు నాణ్యతవి. ఎస్‌డీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. గుణించండి, నాలుగు లక్షల పైచిలుకు. 4కె తెర మీద 3840 ఇంటూ 2160, దాదాపు 83 లక్షలు. అంటే వచ్చిన ఒక్కో చుక్కనీ టీవీ ఇరవై చుక్కలుగా సాగదియ్యాలి. పాస్‌పోర్ట్ ఫొటో ఇచ్చి పుట్టినరోజు ఫ్లెక్సీ కొట్టించినట్టు ఉంటుంది. లక్ష రూపాయల టీవీ అయినా, లేని వివరాన్ని ఊహించి నింపుతుందే తప్ప ఎక్కడి నుంచో పట్టుకురాలేదు. అందుకే ముందు మీ ఇంటికి ఏం వస్తోందో, ఎంత బాగా వస్తోందో తేల్చుకోండి. టీవీ సంగతి తర్వాత.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైన కొత్తలో ఇళ్ళ మీది యాంటెన్నాలన్నీ మా రామంతాపూర్ టవర్ వైపే చూసేవి. సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, ఇంకా తగ్గితే చుక్కల మధ్య బొమ్మ వెతుక్కునేవాళ్ళం. తగ్గుతోందని కంటికే తెలిసేది. డిజిటల్లో అలా కుదరదు. సిగ్నల్ నీరసపడుతున్నా ఒక హద్దు దాకా బొమ్మ అద్దంలా ఉంటుంది, ఆ హద్దు దాటగానే గళ్ళు గళ్ళుగా విరిగి, ఆగిపోతుంది. కాబట్టి "మా ఇంట్లో బాగానే వస్తోంది" అనే మాట నమ్మొద్దు. సెట్‌టాప్ బాక్స్ మెనూలోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంత్ అంటే ఎంత వస్తోందో, క్వాలిటీ అంటే అందులో పనికొచ్చేది ఎంతో. మీకు కావాల్సింది రెండోది. స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ బొత్తిగా లేదంటే డిష్ తప్పు వైపు చూస్తుండొచ్చు, లేదా వైరులో ఏదో ఉంది. మబ్బు లేని రోజున ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే, దేంతో పోల్చాలో తెలుస్తుంది.

ఇప్పుడు డిష్. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, మనం ఆ రేఖకి ఉత్తరాన ఉన్నాం, కాబట్టి డిష్ దక్షిణం వైపుగా చూడాలి. డీడీ ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి ఉపగ్రహం నుంచి. హైదరాబాద్ నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, నేల నుంచి 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మిగతా కంపెనీలవి కాస్త అటూ ఇటూగా దక్షిణానికీ తూర్పుకీ మధ్యే. బాబీ, ఫోన్లో దిక్సూచి పెట్టి మీ బాల్కనీలో నిలబడి చూడు. అది పడమర బాల్కనీ అయితే అక్కడ డిష్ ప్రసక్తే లేదు, టెర్రస్ మీదికి పోవాల్సిందే. ఆగ్నేయపు బాల్కనీ అయినా ఒక చిక్కుంది: 63 డిగ్రీలంటే బాగా పైకి చూడాలి, పై ఫ్లాట్ వాళ్ళ బాల్కనీ శ్లాబే అడ్డొస్తుంది. రెయిలింగ్ బయటికి బిగిస్తే తప్ప కుదరదు. ఇదే ఎత్తు ఇంకో రకంగా మేలు. ఎదురు టవర్ మీ డిష్ కంటే వంద అడుగులు పైకున్నా, అరవై అడుగుల అవతల ఉంటే దాని గొడవే లేదు. కొత్త బిల్డింగ్ లేచిందని మీ అమ్మ టెన్షన్ పడక్కర్లేదు. పక్కనే ఉన్న బాదం చెట్టు సంగతి మాత్రం చూసుకోండి.

తర్వాత వైరు చివర బిగించే కనెక్టర్. సగం ఇళ్ళలో జబ్బు ఇక్కడే అని నా అనుమానం. బాక్స్ ప్లగ్గు తీసేసిన తర్వాతే విప్పండి, ఎందుకంటే బాక్స్ నుంచి డిష్ ముందు సిగ్నల్ పట్టుకునే మూతికి 13 లేదా 18 వోల్టుల కరెంటు ఇదే వైరులో వెళ్తుంది. మధ్యలో రాగి తీగ మెరుస్తూ ఉందా, నల్లబడిందా? చుట్టూ ఉన్న వల నుంచి వెంట్రుకంత పోగు ఒకటి వంగి ఆ తీగని తాకుతోందా? ఆ ఒక్క పోగు చాలు, తెర మీద "నో సిగ్నల్" పడటానికి. టెర్రస్ మీద వానకి తడిసే చోట వైరుని కొంచెం కిందికి వేలాడేలా వదలాలి, నీరు కనెక్టర్‌లోకి దిగకుండా అక్కడే కారిపోతుంది. కొత్త వైరు కావాలంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఆర్‌జీ-6 అని అడగండి. కేబుల్ కనెక్షన్ ఉన్న మీ పిన్ని వాళ్ళకైతే మెట్ల దగ్గర, ఒక వైరుని రెండు మూడు దారులుగా చీల్చే స్ప్లిటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. రెండు దారుల స్ప్లిటర్ దగ్గర ఒక్కో దారికీ సగం కంటే తక్కువ సిగ్నలే వెళ్తుంది.

పొద్దున పదకొండింటికి రోజూ కాసేపు టీవీ పోతోందని మీ అమ్మ అంది. ఎవర్నీ పిలవకండి. సెప్టెంబర్ 23 దాటాక సూర్యుడు భూమధ్యరేఖ దాటి దక్షిణానికి జరుగుతాడు. నెలాఖరుకి, రోజూ కొద్ది నిమిషాలు, మన డిష్ చూసే చోటికి సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడతాడు. ఆయన దగ్గర్నుంచి వచ్చే రేడియో రొద ముందు ఉపగ్రహం సిగ్నల్ ఆనదు. కొన్నాళ్ళకి దానంతటదే సర్దుకుంటుంది, మళ్ళీ మార్చిలో వస్తుంది. కుండపోత వానలో పోవడం వేరు. ఆ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లే, చినుకులు వాటిని మింగేస్తాయి. చిన్న జల్లుకే పోతుంటే మాత్రం డిష్ కదిలి ఉండొచ్చు, అప్పుడు మనిషిని పిలవండి.

మీరిద్దరూ చూసేవి ఎలాగూ వైఫై మీదే కదా. రౌటర్ పక్కన నిలబడి స్పీడ్ చూసుకుని మురిసిపోకండి, టీవీ పెట్టే గోడ దగ్గర చూడండి. 25 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే 4కె సినిమాకి చాలు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, కానీ గోడలు అంతగా దాటలేదు, 2.4 దాటుతుంది, వేగం తక్కువ.

ఇవన్నీ అయ్యాక టీవీ. 55 ఇంచులంటే మూల నుంచి మూలకి కొలత, అడ్డంగా నాలుగు అడుగులు. ఆ కొలతకి పాత న్యూస్‌పేపర్లు గోడకి అంటించి సోఫాలో కూర్చోండి. 4కె వీడియోకి ఏడు అడుగుల దూరం సరిపోతుంది, ఎస్‌డీ సీరియల్‌కి పదకొండు, పన్నెండు అయినా ఉండాలి. మీ హాలు తొమ్మిదే అనుకుంటాను, 43 ఇంచులు చాలేమో చూడండి. క్యూఎల్‌ఈడీ అన్న పేరు చూసి మోసపోకండి, అదీ వెనక లైటు వెలిగే ఎల్‌సీడీయే. నలుపు నిజంగా నల్లగా ఉండేది ఓఎల్‌ఈడీలో, ధర కూడా అలాగే ఉంటుంది. షాపులో నెమళ్ళు ఆపి ఏదైనా ఎస్‌డీ వార్తల ఛానల్ పెట్టమనండి. పెట్టనంటే పక్క షాపుకి వెళ్ళండి. ఇంటికి తెచ్చాక స్టోర్ మోడ్, అంటే షాపు కోసం పెట్టిన కళ్ళు చెదిరే సెట్టింగ్, తీసేయండి, లేకపోతే మనుషుల ముఖాలు రంగులు పూసినట్టు కనిపిస్తాయి.

మీ పాత 32 ఇంచుల టీవీని ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వొద్దని నాన్నతో చెప్పండి. వాళ్ళిచ్చే రెండు వేల కోసం ఎందుకు? నా గదికి పంపించండి. నేను చూసే ఎస్‌డీ ఛానళ్ళకి ఆ సైజే బాగుంటుంది. ఆదివారం వచ్చేటప్పుడు దాని రిమోట్ మర్చిపోకండి.

మీ అమ్మమ్మ