కీళ్లవాతం ఇంజెక్షన్‌కు ముందు టీబీ పరీక్ష ఎందుకు?

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట నుంచి రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగే తెలుగువాళ్లలో ఆసుపత్రుల కోసం వచ్చేవాళ్లు ఎందరో. కీళ్లవాతంతో ఏళ్లుగా బాధపడి రుమటాలజీ ఓపీకి వచ్చినవాళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: "నొప్పి వేళ్లలో ఉంటే ఛాతీ ఎక్స్‌రే ఎందుకు డాక్టర్ గారూ?" మాత్రలకు లొంగని జబ్బుకు యాంటీ టీఎన్ఎఫ్ ఇంజెక్షన్ (వాపును రేపే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందు) మొదలుపెట్టే ముందు టీబీ పరీక్షలు రాస్తారు. ఇంజెక్షనే ఖరీదు, పైగా ఇవి కూడానా అని విసుగు రావడం సహజం. కానీ ఈ పరీక్షల వెనక పెద్ద కథ ఉంది.

కాలికి మేకు గుచ్చుకుందనుకోండి. చర్మం కింద ఎప్పుడూ కాపుండే మాక్రోఫేజ్ కణాలు లోపలికొచ్చిన క్రిమిని పసిగట్టి సైటోకైన్లనే ప్రోటీన్లను వదులుతాయి. ఇవి క్రిమిని నేరుగా చంపవు, మిగతా కణాలకు కబురందిస్తాయి. ముందుగా వచ్చేవాటిలో టీఎన్ఎఫ్, ఐఎల్-1 (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్) ముఖ్యమైనవి. ఇవి తగలగానే దగ్గర్లోని సన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది, లోపలివైపు కణాలను పట్టి నిలిపే అణువులు తేలతాయి. ఐఎల్-8 పిలుపుతో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు అక్కడ ఆగి, గోడ దాటి గాయంలోకి దిగుతాయి. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని రోమన్ రచయిత సెల్సస్ దాదాపు 2,000 ఏళ్ల కిందటే రాసిపెట్టింది దీని గురించే. ఈ కబురు మెదడుకు అందితే జ్వరం వస్తుంది. ఐఎల్-6 ద్వారా కాలేయానికి అందితే సీఆర్పీ అనే ప్రోటీన్ తయారవుతుంది. ల్యాబ్ రిపోర్టులో చూసి అందరూ టెన్షన్ పడే అంకె అదే. కీళ్లవాతంలో ఏ మేకూ గుచ్చుకోకుండానే ఈ కబుర్లు ఆగకుండా సాగుతుంటాయి.

జ్వరం తెప్పించే పదార్థం మన కణాల నుంచే వస్తుందని 1948లో అమెరికన్ డాక్టర్ పాల్ బీసన్ కుందేళ్ల తెల్లరక్తకణాలతో చూపారు. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఇంటర్‌ఫెరాన్ అనే సైటోకైన్‌ను కనిపెట్టారు. టీఎన్ఎఫ్ మాత్రం క్యాన్సర్ దారిలో దొరికింది. 1890లలో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ క్యాన్సర్ రోగులకు బ్యాక్టీరియా ఎక్కించి, కొందరిలో కణితి కరగడం చూశారు. దాని కారణం వెతుకుతూ లాయిడ్ ఓల్డ్ బృందం 1975లో ఎలుకల కణితులను చంపే ప్రోటీన్‌ను పట్టుకుంది. తర్వాత దాన్నే మందుగా మనుషులకు ఎక్కిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోయింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 1989 నాటి ప్రయోగం. జబ్బుపడ్డ కీలులో సైటోకైన్లు ఎన్నో రకాలుంటాయి, ఒకదాన్ని ఆపితే మిగతావి ఊరుకుంటాయా అన్నది అప్పటి సందేహం. లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీల బృందం రోగుల కీలు పొర కణాలను ల్యాబ్‌లో పెంచి, టీఎన్ఎఫ్‌ను ఒక్కదాన్నే అడ్డుకుంది. ఐఎల్-1 కూడా పడిపోయింది! గొలుసుకు మొదటి కొస దొరికింది. 1992లో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందును తొలిసారి కీళ్లవాతం రోగులకు ఇచ్చారు, వారాల్లోనే వాపులు దిగాయి.

అదే 1989లో ఇంకో ప్రయోగం కూడా జరిగింది. ఎలుకలకు బీసీజీ (టీబీ టీకాలో వాడే బలహీనపరిచిన క్రిమి) ఇచ్చి టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే గ్రాన్యులోమాలు సరిగా కట్టలేదు. గ్రాన్యులోమా అంటే టీబీ క్రిమి చుట్టూ రక్షణ కణాలు కట్టే దడి. ఆ దడి నిలబడాలంటే టీఎన్ఎఫ్ కావాలి. దీని అర్థం రోగుల్లో పూర్తిగా బయటపడింది 2001లో. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో 70 టీబీ కేసులను విశ్లేషిస్తే, ఎక్కువమందికి మూడు డోసుల్లోపే జబ్బు తిరగబడింది. సగానికి పైగా ఊపిరితిత్తుల బయట వచ్చినవే. పరీక్షలు తప్పనిసరి అయింది అప్పటినుంచే.

మన దేశంలో ఇది మరీ ముఖ్యం. 2019-21 జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో 31 శాతానికి పైగా టీబీ క్రిమి సోకినట్టు తేలింది. వీరిలో ఎక్కువమందికి జబ్బుండదు, క్రిమి దడిలోనే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ముంజేతికి మాంటూ సూది వేసి, 48 నుంచి 72 గంటల తర్వాత గట్టిపడిన మేర స్కేలుతో కొలుస్తారు. ఎరుపును లెక్కలోకి తీసుకోరు. రెండోది రక్తపరీక్ష. అందులో కొలిచేది గామా ఇంటర్‌ఫెరాన్‌ను, అంటే అదీ ఒక సైటోకైనే. క్రిమి ఉందని తేలితే ఇంజెక్షన్‌కు కనీసం ఓ నెల ముందు నుంచి, సాధారణంగా ఐసోనియాజిడ్‌తో, నివారణ చికిత్స మొదలుపెడతారు. ఐసోనియాజిడ్ చెన్నైకి పాత చుట్టమే. 1956లో ఇక్కడ మొదలైన టీబీ పరిశోధన కేంద్రం, శానిటోరియంలో (టీబీ రోగులను ఉంచే ఆసుపత్రిలో) చేరకుండా ఇంట్లోనే ఉండి మందు వాడినా టీబీ అంతే బాగా నయమవుతుందని 1959లో ప్రపంచానికి చూపింది. ఆ మందుల్లో ఐసోనియాజిడ్ ఒకటి.

పరీక్ష నెగెటివ్ వచ్చినా దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డ కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఊళ్లో డాక్టర్‌కు చూపించుకున్నా, చెన్నైలో ఏ ఇంజెక్షన్ వేస్తున్నారో ఆ చీటీ ముందు చూపించాలి. ముఖ్యంగా ఐఎల్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ వాడేవాళ్లకు ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్పీ పెరగకపోవచ్చు.